చీమ చెప్పని నీతులు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఇక్కడికి వచ్చిన మీ అందరికీ నమస్కారం. చిన్న ప్రాణులను గమనించి మనిషి నేర్చుకోదగిన జీవిత పాఠాల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఆ మాట వినగానే నేను ఏమి చెప్పబోతున్నానో మీలో చాలామంది ఇప్పటికే ఊహించి ఉంటారు. చీమను చూసి శ్రమించడం నేర్చుకోవాలి, తేనెటీగను చూసి కూడబెట్టడం నేర్చుకోవాలి, సాలీడును చూసి ఎన్నిసార్లు పడినా లేవడం నేర్చుకోవాలి. అంతే కదా? ముందు వరుసలో కొందరు తల ఊపుతున్నారు. ఈ మూడు మాటలూ మనం చిన్నప్పుడు విన్నవే, పెద్దయ్యాక పిల్లలకు చెబుతున్నవే. అయితే ఒక్క ప్రశ్న. ఈ మూడు మాటలు చెప్పడానికి చీమను గాని, తేనెటీగను గాని, సాలీడును గాని ఒక్కసారైనా చూడవలసిన అవసరం ఉన్నదా? లేదు. కళ్లు మూసుకుని చెప్పవచ్చు. శ్రమ మంచిదని మనం ముందే అనుకున్నాం. అనుకున్నదానికి సాక్ష్యం చెప్పించడానికి చీమను పిలిచాం. పిలిచి, దాన్ని నోరు మెదపనివ్వకుండా మనమే మాట్లాడి పంపించాం.

ఏళ్ల తరబడి నేల మీద మోకాళ్లూని, చేతిలో గడియారమూ కాగితమూ పెట్టుకుని ఈ ప్రాణులను చూసినవారు ఉన్నారు. వారు రాసిపెట్టినవి చదువుకుంటూ పోతుంటే నాకు ఒక సంగతి మళ్లీ మళ్లీ ఎదురైంది. ఈ ప్రాణులు ఎంత పని చేస్తాయన్నది మనం అందరం చూస్తాం. ఏ పనిని ఎప్పుడు ఆపుతాయన్నది ఎవరో గాని చూడరు. వాటి మనుగడ చాలావరకు ఆ రెండోదాని మీదే ఆధారపడి ఉన్నది. ఆపడం, వెనుదిరగడం, విడిచిపెట్టడం, తాను చేసినదాన్ని తానే చెరిపివేయడం. నీతి కథల్లో వీటికి చోటు లేదు. మన ఇళ్లలోనూ, కార్యాలయాల్లోనూ వీటిని బలహీనతల ఖాతాలో రాస్తాం. నేను ఈ పూట మాట్లాడబోయేది వీటి గురించే.

ఇది మనకు కొత్త చూపు అని కూడా నేను అనను. భాగవతం పదకొండో స్కంధంలో అవధూత, యదు మహారాజుకు తన 24 మంది గురువుల గురించి చెబుతాడు. వారిలో తేనెటీగ ఉన్నది, శలభం ఉన్నది, సాలీడు ఉన్నది. శలభం మంటను చూసి మోహపడి అందులో దూకి కాలిపోయింది కాబట్టి, రూపానికి లొంగకూడదని ఆయన దాని నుంచి నేర్చుకున్నాడు. తేనెటీగ చుక్క చుక్క కూడబెట్టిన తేనెను వేరొకడు వచ్చి పట్టుకుపోయాడు కాబట్టి, కూడబెట్టవద్దని నేర్చుకున్నాడు. గమనించారా? పొదుపుకు ఆదర్శంగా మనం ఏ ప్రాణిని చూపిస్తామో, అదే ప్రాణి నుంచి ఆయన సరిగ్గా దానికి వ్యతిరేకమైన పాఠం తీసుకున్నాడు. గురువుగా అంగీకరించినంత మాత్రాన, గురువు చేసినదంతా చేయాలని ఆయన అనుకోలేదు.

సరే, చీమ దగ్గరికి వద్దాం. చీమ అంటే క్షణం తీరిక లేని జీవి అని మన నమ్మకం. అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో డేనియల్ షార్బొనో, అన్నా డోర్న్‌హౌస్ అనే ఇద్దరు పరిశోధకులు రాతి పగుళ్లలో కాపురముండే ఒక రకం చిన్న చీమలను తీసుకుని, ఒక్కొక్క చీమ ఒంటి మీద గుర్తుగా రంగు చుక్కలు పెట్టి, ఏ చీమ ఏ వేళ ఏమి చేస్తున్నదో నమోదు చేశారు. తేలినదేమిటి? పుట్టలో దాదాపు నూటికి 40 చీమలు ఎక్కువ సమయం ఊరకే ఉంటున్నాయి. ఊరకే అంటే ఊరకే. విశ్రాంతి వేళ అనుకోవడానికి లేదు, రాత్రి కాపలా అనుకోవడానికీ లేదు. 2017లో ప్రచురించిన ప్రయోగంలో వారు అన్నిటికన్నా చురుకైన 20 శాతం చీమలను పుట్ట నుంచి తీసివేసి చూశారు. వారం తిరగకుండానే, అంతవరకు ఊరకే ఉన్న చీమల్లో కొన్ని లేచి ఆ పనులు అందుకున్నాయి. మరో ప్రయోగంలో ఊరకే ఉన్న చీమలనే తీసివేశారు. అప్పుడు వాటి స్థానంలో కొత్తగా ఊరకే ఉండే చీమలేవీ తయారు కాలేదు. అంటే ఆ ఖాళీ చేతులు పుట్టకు నిల్వ బలం. ఆ బలాన్ని రోజువారీ పనిలో ఖర్చు చేసివేస్తే, ఆపద వచ్చిన నాడు అందుకోవడానికి ఎవరూ మిగలరు. ఇది విని రేపటి నుంచి మీరు ఆఫీసుకు వెళ్లి ఊరకే కూర్చుంటే దానికి బాధ్యత నాది కాదు. కాని ఒక సంస్థలో గాని, ఒక ఇంట్లో గాని అందరి చేతులూ అన్ని వేళలా నిండుగా ఉండడాన్ని మనం సమర్థత అంటున్నాం చూశారా, ఆ మాటను మాత్రం ఒకసారి పరీక్షించుకోవలసి ఉన్నది.

ఇంకొకటి చెబుతాను. కుడితే మంట పుట్టించే నిప్పు చీమలు ఉంటాయి. అవి నేలలో సన్నని సొరంగాలు తవ్వుతాయి. రెండు చీమలు ఒకదాన్ని ఒకటి తప్పుకుని పోవడమే కష్టమయ్యేంత ఇరుకు. అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు గాజు పాత్రల్లో ఈ తవ్వకాన్ని గమనించి 2018లో ఫలితాలు ప్రకటించారు. తవ్వే పనిలో 70 శాతాన్ని 30 శాతం చీమలే చేస్తున్నాయి. మిగతావి ఏమి చేస్తున్నాయి? లోపలికి వస్తాయి. ఎదురుగా రద్దీ కనిపిస్తుంది. తవ్వకుండానే, ఒక్క రేణువు కూడా మోయకుండానే, వెనక్కి తిరిగి వెళ్లిపోతాయి. చూసేవాళ్లకు అది పని ఎగవేత. మనమైతే హాజరు పట్టీ తెచ్చి పేరు కొట్టివేస్తాం. కాని అదే ఏర్పాటును చిన్న రోబోలతో చేసి, అన్నిటికీ సమానంగా పని అప్పగించినప్పుడు సొరంగంలో ఒకదాని మీద ఒకటి ఎక్కి ఇరుక్కుపోయాయి, పని మందగించింది. చీమల మాదిరిగా కొన్నిటిని వెనుదిరగనిచ్చినప్పుడు పని సాగింది. ఇరుకు చోట వెనుదిరగడం కూడా పనిలో భాగమే. ఒక సమావేశంలో పదిమంది ఒకేసారి సాయం చేయడానికి ముందుకు వచ్చినప్పుడు ఏమి జరుగుతుందో మీకు తెలుసు. అక్కడ అందరికన్నా ఎక్కువ మేలు చేసినవాడు బహుశా కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చున్నవాడే.

అరిజోనా ఎడారి అంచుల్లోనే విత్తనాలు ఏరుకుని బతికే మరో రకం చీమలు ఉన్నాయి. డెబొరా గోర్డన్ అనే శాస్త్రవేత్త 1980ల నుంచి అవే పుట్టలను ఏటేటా వెళ్లి చూస్తున్నారు. ఒక పనిచీమ ఆయుష్షు సుమారు ఒక ఏడాది. పుట్ట మాత్రం రాణి బతికినంత కాలం, అంటే 20 నుంచి 30 ఏళ్ల వరకు ఉంటుంది. వాటికి ఆజ్ఞలు ఇచ్చేవారు ఎవరూ లేరు. రాణి చేసేది గుడ్లు పెట్టడం ఒక్కటే. మరి ఈ రోజు ఎన్ని చీమలు మేతకు వెళ్లాలన్నది ఎలా తేలుతుంది? పుట్ట వాకిట్లో నిలబడిన చీమ, విత్తనం పట్టుకుని తిరిగి వచ్చే చీమలను తన మీసాలతో తాకి చూస్తుంది. వెంట వెంటనే వస్తుంటే, బయట మేత దొరుకుతున్నదని అర్థం, అది బయలుదేరుతుంది. రాక మందగిస్తే ఆగిపోతుంది. అంతే. ఇంత చిన్న నియమం. బయట తిరిగే చీమ ఒంట్లో నీరు ఎండకు ఆవిరైపోతుంది. ఆ నీటిని అవి తిరిగి పొందేది తాము తెచ్చుకున్న విత్తనాల కొవ్వు నుంచే. అంటే నీరు సంపాదించడానికి నీరు ఖర్చు చేయాలి. ఎండ మండే పొడి రోజుల్లో కొన్ని పుట్టలు మేతను బాగా తగ్గించుకుంటాయి, కొన్ని ఎప్పటిలాగే చీమలను పంపుతూనే ఉంటాయి. ఏ పుట్టల నుంచి ఎక్కువ కొత్త పుట్టలు పుట్టుకొచ్చాయో ఆమె లెక్కలు వేసి 2013లో ప్రకటించారు. ఎండ రోజున తగ్గినవే వంశాన్ని ఎక్కువగా నిలబెట్టుకున్నాయి. ఆ పూటకు చూస్తే అవి తక్కువ తెచ్చుకున్నాయి, పక్క పుట్ట ఎక్కువ తెచ్చుకున్నది. ఆ పూట లెక్క వేరు, తరాల లెక్క వేరు. మనం పోల్చుకునేది ఎప్పుడూ ఆ పూట లెక్కతోనే కాదా?

ఆరిపోయే వాసన

చీమల బారు మీరందరూ చూసే ఉంటారు. మేత దొరికిన చీమ తిరిగి వస్తూ నేల మీద వాసన జాడ వేస్తుంది, మిగతావి దాన్ని పట్టుకుని వెళతాయి. ఇది అందరికీ తెలిసిన సంగతే. కాని ఆ వాసన ఆరిపోతుందన్న సంగతి మీద మనం మనసు పెట్టం. చాలా జాతుల్లో అది కొద్ది సేపట్లోనే ఆవిరైపోతుంది. మళ్లీ మళ్లీ ఎవరో ఒకరు నడిస్తేనే నిలుస్తుంది. మేత అయిపోయిన దారిలో నడిచేవారు తగ్గుతారు, తగ్గితే వాసన ఆరుతుంది, ఆరితే ఆ దారి పుట్ట జ్ఞాపకంలో నుంచే పోతుంది. ఎవరూ వచ్చి ఆ దారిని మూసివేయనక్కరలేదు. కొన్ని జాతుల చీమలు దీనితో ఊరుకోక, ఫలితం లేని దారి మొదట్లో ‘ఇటు రావద్దు’ అని తెలిపే వేరే వాసన కూడా వేస్తాయని 2005లో తేలింది.

బెల్జియంలో జాన్ లూయీ దెనెబూర్గ్ బృందం 1980ల చివర ఒక ప్రయోగం చేసింది. పుట్టకూ మేతకూ మధ్య ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది, రెండు వంతెనలు పెట్టారు. మొదట చీమలు రెంటి మీదా నడిచాయి. పొట్టి దారిన వెళ్లినవి త్వరగా తిరిగి వచ్చాయి కాబట్టి ఆ దారిలో వాసన త్వరగా పేరుకుంది. కొద్దిసేపటికి దాదాపు అన్నీ అటే మళ్లాయి. ఏ చీమా రెండు దారులనూ కొలిచి పోల్చలేదు. ఈ పద్ధతిని అనుకరిస్తూ 1992లో మార్కో డోరిగో అనే ఇటలీ శాస్త్రవేత్త తన పరిశోధన గ్రంథంలో కంప్యూటర్ కోసం ఒక విధానాన్ని ప్రతిపాదించాడు. చాలా ఊళ్లను చుట్టి రావడానికి తక్కువ దూరం అయ్యే దారి వెదకడం వంటి లెక్కలకు దాన్ని నేటికీ వాడుతున్నారు. ఆ విధానంలో వాసన పోగుపడడానికి ఒక సూత్రం ఉంటుంది, వాసన ఆరిపోవడానికి ఇంకొక సూత్రం ఉంటుంది. ఆ రెండోది లేకపోతే ఏమవుతుందో తెలుసా? మొదట్లో యాదృచ్ఛికంగా దొరికిన ఏదో ఒక నాసి దారికే లెక్క అంటుకుపోతుంది. ఇంతకన్నా మంచి దారి ఉన్నా దాన్ని వెదకదు. మరచిపోవడాన్ని కావాలని కూర్చి పెడితే తప్ప యంత్రం కూడా మంచి దారి కనుక్కోలేకపోతున్నది.

మరవలేని చోట ఏమి జరుగుతుందో ఫ్రాన్స్‌లో ఫాబ్ర్ చూశాడు. జాన్ ఆన్రీ ఫాబ్ర్, కీటకాలను చూడడంలో జీవితమంతా గడిపిన మనిషి. దేవదారు జాతి చెట్ల మీద బతికే ఒక రకం గొంగళిపురుగులు బారులు తీరి నడుస్తాయి. ముందు పోయేది సన్నని పట్టు దారం పరుస్తుంది, వెనుక వచ్చేది దాని మీదుగా నడుస్తూ తన దారాన్నీ కలుపుతుంది. 1896 జనవరిలో ఒక బారు ఆయన తోటలోని పెద్ద కుండీ అంచు మీదికి ఎక్కింది. చుట్టూ తిరిగి, తల తోకను కలిసే వేళకు, ఆయన కింది నుంచి వచ్చేవాటిని తప్పించి, ఎక్కి వచ్చిన దారాన్ని తుడిచివేశాడు. ఇక బారుకు మొదలు లేదు, చివర లేదు. ప్రతి పురుగుకూ ముందు ఒక పురుగు ఉన్నది, కాళ్ల కింద దారం ఉన్నది. అనుమానించడానికి కారణమే లేదు. తిరిగాయి. రోజంతా తిరిగాయి. రాత్రి చలికి ముడుచుకుని ఆగాయి, తెల్లవారాక మళ్లీ తిరిగాయి. దగ్గరలోనే మేత ఉన్నది. అయినా సుమారు వారం రోజులు అలా తిరుగుతూనే ఉన్నాయి. చివరకు వాటిని రక్షించినదేమిటి? అలసట. చలికీ ఆకలికీ నీరసించి బారు అక్కడక్కడ తెగింది. తెగిన చోట ముందు ఎవరూ లేని పురుగు తడబడి అంచు దాటి కిందికి వంగింది. ఆ తడబాటు నుంచే దారి దొరికింది.

వాటిని తెలివితక్కువ పురుగులని నవ్వకండి. బారు కట్టే నియమం అడవిలో వాటిని రోజూ క్షేమంగా గూటికి చేర్చే నియమమే. కుండీ అంచు మీద అదే నియమం ఉరి అయింది. దండుగా కదిలే చీమల్లోనూ ఇది జరుగుతుంది. విలియం బీబ్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు గయానాలో, బారు నుంచి తప్పిపోయిన చీమలు ఒకదాని వెనుక ఒకటి వలయంగా తిరుగుతుండడం చూసి 1921లో రాశాడు. ఆ వలయం చుట్టుకొలత 1,200 అడుగులు; ఒక చీమ ఒక చుట్టు పూర్తి చేయడానికి రెండున్నర గంటలు పట్టింది. తిరిగే కొద్దీ వాసన గట్టిపడుతుంది, వాసన గట్టిపడే కొద్దీ ఇంకా నమ్మకంగా తిరుగుతాయి. ఎంతోమంది నడుస్తున్న దారి కాబట్టి సరైన దారే అయి ఉంటుందని అనుకున్న సందర్భాలు మీ మీ జీవితాల్లో ఎన్ని ఉన్నాయో నేను అడగను. మీరు నన్ను అడగవద్దు.

ఇక తేనెటీగలు. వీటి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఒక తేనెపట్టులో ఈగలు కిక్కిరిసినప్పుడు పాత రాణి, సుమారు పదివేల ఈగలతో కలిసి బయటికి వచ్చి ఏదో ఒక కొమ్మకు గుత్తిగా వేలాడుతుంది. ఇల్లు లేదు. అక్కడి నుంచి కొన్ని వందల ఈగలు నలుదిక్కులా ఎగిరి చెట్ల తొర్రలు వెదుకుతాయి. మార్టిన్ లిండావర్ అనే జర్మన్ శాస్త్రవేత్త రెండో ప్రపంచ యుద్ధానంతరం మ్యూనిక్‌లో ఇలాంటి గుత్తి మీద నాట్యం చేసే ఈగలను చూసి ఆశ్చర్యపోయాడు. పుప్పొడి అంటుకుని ఉండవలసిన ఈగలు మురికిగా ఉన్నాయి. కొన్నిటికి మసి, కొన్నిటికి ఇటుక పొడి. అవి పువ్వుల నుంచి రాలేదు. పొగగొట్టాల నుంచి, కూలిన గోడల సందుల నుంచి వచ్చాయి. ఇల్లు వెదికి వచ్చి, చూసిన చోటును నాట్యంతో చెబుతున్నాయి. ఆ నాట్యం అర్థాన్ని అంతకు ముందే లిండావర్ గురువు కార్ల్ ఫాన్ ఫ్రిష్ విప్పి చెప్పాడు. ఆయనకు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు చిక్కు చూడండి. ఒక ఈగ ఒక తొర్రను మెచ్చుకుంటుంది, ఇంకొకటి ఇంకొక దాన్ని. ఇలా పది, ఇరవై చోట్లు పోటీకి వస్తాయి. పదివేల ఈగలకు రాణి ఒక్కతే. గుంపు రెండుగా చీలితే రాణి లేని సగం నశిస్తుంది. ఏకాభిప్రాయం తప్పనిసరి. మంచి చోటు చూసిన ఈగ ఎక్కువసేపు నాట్యం చేస్తుంది, ఓ మోస్తరు చోటు చూసినది తక్కువసేపు. ఇంతవరకు మనకూ అర్థమవుతుంది, మన సభల్లోనూ నమ్మకం ఉన్నవాడే ఎక్కువసేపు మాట్లాడతాడు. తేడా ఆ తరువాతిది. థామస్ సీలీ అనే శాస్త్రవేత్త అనేక ఏళ్ల పరిశీలన తరువాత చూపించినదేమంటే, ప్రతి ఈగా మళ్లీ వెళ్లి ఆ చోటును చూసి వచ్చిన ప్రతిసారీ తన నాట్యాన్ని కొంత తగ్గించుకుంటుంది. చోటు ఎంత గొప్పదైనా సరే, తగ్గిస్తుంది. కొన్ని రాకపోకల తరువాత పూర్తిగా మానివేస్తుంది. ఎదుటి పక్షం వాదన విని ఓడిపోయి మానదు. తనంతట తానే మానుతుంది. చెప్పవలసినది చెప్పింది, ఇక ఆ చోటు నిజంగా మంచిదైతే కొత్తగా వెళ్లి చూసి వచ్చినవారు చెబుతారు. మొదట మాట్లాడిన ఈగ పట్టుదల మీద ఆ నిర్ణయం ఆధారపడదు. దీనికి తోడు, ఒక చోటును మెచ్చిన ఈగలు వేరే చోటు కోసం నాట్యం చేసే ఈగను తలతో పొడిచి, చిన్న శబ్దం చేసి, నాట్యం ఆపమని సూచిస్తాయని కూడా 2012లో సీలీ బృందం ప్రకటించింది. అలా తగ్గించుకునే ఈగలు తగ్గించుకుంటూ, ఆపే ఈగలు ఆపుతూ ఉండగా, ఒక తొర్ర దగ్గర ఒకే సమయంలో ఇరవై ముప్ఫై ఈగలు పోగైనప్పుడు, ఇది చాలు అన్న సంకేతం గుత్తికి అందుతుంది. రెక్కల కండరాలు వేడెక్కించుకుని అన్నీ ఒకేసారి లేస్తాయి. గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి సాగిన ఆ ఎంపిక చాలావరకు అందుబాటులో ఉన్నవాటిలో మేలైన చోటు మీదే ఆగుతుంది.

మన చర్చలను ఒక్కసారి తలచుకోండి. మొదటి రోజు ఒక మాట అన్నవాడు పదో రోజుకు ఆ మాటను ఇంకా గట్టిగా అంటాడు. మధ్యలో వెళ్లి మళ్లీ చూసి వచ్చాడా అంటే, లేదు. గొంతు మాత్రం పెరిగింది. అభిప్రాయం మార్చుకోమని ఆ ఈగ మనకు చెప్పదు. అభిప్రాయం అలాగే ఉండనిచ్చి, దాన్ని మోసే గొంతును తగ్గించుకోవడం ఒకటి ఉన్నదని చూపిస్తుంది. నన్ను అడిగితే, ఈ రోజు నేను చెప్పే అన్నిటిలోకీ ఆచరించడానికి ఇదే కష్టమైనది. ఒక గంటగా మైకు పట్టుకుని ఉన్నవాడు ఈ మాట అంటున్నాడని మీలో ఎవరైనా నవ్వుకుంటే, న్యాయమే.

పరంజా

సాలీడు దగ్గరికి వచ్చాం. పడి లేవడం గురించి ఇంకెవరైనా చెబుతారు. గుండ్రని వల అల్లే తోట సాలీడు ఆ వలను ఎలా అల్లుతుందో ఒక్కసారి నాతో కలిసి చూడండి. మొదట ఒక కొమ్మ చివర నిలబడి సన్నని పోగును గాలిలోకి వదులుతుంది. ఎక్కడ తగులుకుంటుందో దానికి తెలియదు. గాలి ఎక్కడికి మోసుకుపోతే అక్కడికి. తగులుకుని బిగిసిన తరువాత దాని మీద నడిచి ఆ పోగును గట్టిపరుస్తుంది. మధ్యలో నుంచి కిందికి జారి ఇంకొక పోగు కడుతుంది. అక్కడి నుంచి నడిమి నుంచి అంచులకు పోయే పోగులు ఒక్కొక్కటే వేస్తుంది. అవి పూర్తయ్యాక, నడిమి నుంచి బయటికి, ఎడం ఎడంగా, ఒక చుట్ల దారం వేస్తుంది. ఈ దారానికి జిగురు ఉండదు. పురుగులను పట్టదు. ఇది కేవలం పరంజా. ముందు వేసిన పోగులు కదలకుండా పట్టి ఉంచడానికి, తాను కాలు మోపి నడవడానికి. అంచు దాకా వెళ్లి, ఇప్పుడు వెనక్కి తిరుగుతుంది. అంచు నుంచి నడిమికి వస్తూ దగ్గర దగ్గరగా జిగురు దారం వేస్తుంది. వెనుక కాలితో పోగు పట్టి లాగుతుంది, అంటిస్తుంది, తరువాతి పోగుకు జరుగుతుంది. అలా వస్తూ వస్తూ, తాను కాసేపటి క్రితం వేసుకున్న ఆ పరంజా దారాన్ని ముక్క ముక్కగా తెంపి తీసివేస్తూ వస్తుంది. వల పూర్తయ్యే వేళకు పరంజా దాదాపు ఏమీ మిగలదు. ఇంత పని గంట లోపే ముగుస్తుంది.

అంతటితో ఆగదు. ఇలాంటి సాలీళ్లలో చాలా జాతులు దుమ్ము పట్టి, జిగురు తగ్గిన ఆ వలను ఇంచుమించు రోజూ విప్పివేస్తాయి. విప్పి, ఉండ చేసి, మింగివేస్తాయి. ఆ మాంసకృత్తులే కరిగి మళ్లీ కొత్త పట్టుగా వస్తాయి. పై పోగును మాత్రం తరచుగా అలాగే ఉంచుకుంటాయి. గాలి సాయంతో దొరికిన ఆ మొదటి ఆధారాన్ని మళ్లీ వెదుక్కోవడం కష్టం గదా. ఏది ఉంచాలి, ఏది మింగాలి అన్న తెలివి అది. మన ప్రాచీనులకు ఇది తెలుసు. సాలీడు దారాన్ని తనలో నుంచి వెలువరించి మళ్లీ తనలోకే తీసుకున్నట్లు అక్షరం, అంటే నశించని తత్త్వం, నుంచి విశ్వం పుడుతుందని ముండకోపనిషత్తు చెబుతుంది. దాని తాత్పర్యం వేదాంతులు చెప్పాలి. నాకు ముచ్చట వేసేది వేరొకటి. ఆ మాట అన్నవారెవరో సాలీడు వల అల్లడమే చూసి లేచిపోలేదు. అది వలను తిరిగి మింగే దాకా అక్కడ కూర్చున్నారు.

కీచురాయి, మిడత, పీత వంటి పెంకు ప్రాణుల సంగతి రెండు మాటల్లో చెబుతాను. వాటి పెంకు పెరగదు. ఎదగాలంటే విడవాలి. విడవబోయే ముందు మేత మానివేస్తాయి, ఎక్కడో నక్కుతాయి, బయటపడ్డాక కొత్త పెంకు గట్టిపడే దాకా మెత్తగా, నిస్సహాయంగా ఉంటాయి. ఎదుగుదల జరిగేది ఆ మెత్తని వేళలోనే. గట్టిపడ్డాక ఇక తరువాతి విడుపు దాకా సాగదు.

ఇక్కడ మీలో ఆలోచించేవారు ఒక ప్రశ్న వేయాలి. వేస్తారని ఆశిస్తాను. నీకు నచ్చినవే ఏరుకుని చెబుతున్నావు కదా అని. నిజమే. వేరే చీమల పుట్టల మీద దాడి చేసి, వాటి పిల్లలను ఎత్తుకొచ్చి, పెంచి, చాకిరీ చేయించుకునే చీమలు ఉన్నాయి. ఆ చాకిరీ చీమలు నోటికి అందించకపోతే అవి తమంతట తాము తినను కూడా తినలేవు. బతికి ఉన్న గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెట్టి, తన పిల్లలు దాన్ని లోపలి నుంచి తినేలా చేసే కందిరీగలు ఉన్నాయి. దయగల దేవుడు కావాలని వీటిని సృష్టించాడని తనను తాను ఒప్పించుకోలేకపోతున్నానని డార్విన్ 1860లో తన మిత్రుడు ఏసా గ్రేకు రాశాడు. మరి వీటి నుంచి ఏ నీతి తీసుకుందాం? ఏదీ తీసుకోకూడదు. ఏది మంచి, ఏది చెడు అన్నదానికి ప్రకృతిని సాక్షిగా పిలవడమే పొరపాటు. ఆ భారం పూర్తిగా మనదే, కందిరీగది కాదు. నేను ఈ ప్రాణుల నుంచి తీసుకుంటున్నది ఉపాయాలను మాత్రమే. మొత్తం ఎవరికీ కనిపించని చోట, ఒక్కొక్కరికీ తన ముందున్న జానెడు నేల మాత్రమే కనిపించే చోట, ఎలా నడుచుకుంటే గుంపు దారి తప్పకుండా ఉంటుంది అన్న చిక్కు చీమకూ ఉన్నది, మనకూ ఉన్నది. ఆ చిక్కు ఒకటే కాబట్టి వాటి ఉపాయం వినదగినది. దాన్ని మంచికి వాడతామా, చెడుకు వాడతామా అన్నది చీమ చెప్పదు.

చివరిగా, చూడడం ఎలా అన్నదాని గురించి. దీనికి ప్రయోగశాలలు అక్కరలేదు. చార్లెస్ హెన్రీ టర్నర్ అనే ఆయన అమెరికాలో సెయింట్ లూయిస్‌లో హైస్కూలు ఉపాధ్యాయుడు. 1907లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందాడు. నల్లజాతివాడు కావడం వల్ల పరిశోధన చేసుకోదగిన ఉద్యోగం దక్కలేదు. పాఠాలు చెప్పుకుంటూ, రంగు బిళ్లలూ తేనె పెట్టిన చిన్న పెట్టెలూ ఒక పార్కులో అమర్చి, తేనెటీగలు రంగును గుర్తుపడతాయని 1910లో చూపించాడు. 1923లో చనిపోయే నాటికి సుమారు 70 పరిశోధన పత్రాలు ప్రచురించాడు. ఆయన వద్ద ఉన్న సాధనాలు మీలో ఎవరి ఇంట్లోనైనా ఉంటాయి.

డార్విన్ 1842 డిసెంబరులో తన ఇంటి దగ్గరి పొలంలో ఒక భాగం మీద సుద్ద ముక్కలు చల్లించాడు. వానపాములు మట్టిని పైకి తెచ్చి పోస్తూ పోతే ఆ సుద్ద ఎంత లోతుకు దిగుతుందో చూడాలని. మళ్లీ అక్కడ గుంత తవ్వించినది 1871 నవంబరులో. 29 ఏళ్లు. సుద్ద పొర ఏడు అంగుళాల లోతున దొరికింది. వానపాముల మీద ఆయన పుస్తకం 1881లో, అంటే చనిపోవడానికి కొద్ది నెలల ముందు వచ్చింది. ఈ మధ్యలో కుండీల్లో వానపాములను పెంచి, వాటికి కొడుకు చేత బసూన్ అనే ఊదే వాద్యం వాయించి వినిపించాడు కూడా, అవి పట్టించుకోలేదు. కుండీలను పియానో మీద పెట్టి మెట్టు నొక్కితే మాత్రం, ఆ కంపనానికి ఉలిక్కిపడి బొరియల్లోకి దూరాయి. ఒకటి గమనించండి. సుద్ద చల్లిన పని ఒక్క రోజుది. మిగిలిన 29 ఏళ్లూ ఆయన ఆ చోటును కదపకుండా ఉంచాడు. మధ్యలో ఏమైందో చూద్దామని రెండేళ్లకొకసారి తవ్వి ఉంటే పొర చెదిరిపోయేది, కొలత మిగిలేది కాదు.

మీలో కుర్రవాళ్లు ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే నా సలహా ఇది. ఒకే ప్రాణిని ఎంచుకోండి, ఒకే ప్రశ్న పెట్టుకోండి. ‘కష్టపడుతున్నది’, ‘భయపడింది’ వంటి మాటలు మొదటి పేజీలో రాయవద్దు. ఎటు కదిలింది, ఎంతసేపు ఆగింది, దేన్ని తాకి వెనుదిరిగింది అన్నది మాత్రం రాయండి. కదిలే చీమ మీదికే కన్ను పోతుంది, కాబట్టి కావాలని కదలని చీమను వెదకండి. పుట్ట మూతి దగ్గర అలాంటివి తప్పకుండా కనిపిస్తాయి. ఒకదాన్ని పట్టుకుని, అది కదిలే దాకా గడియారం చూస్తూ కూర్చోండి. విసుగు పుడుతుంది. పుట్టనివ్వండి.

ఆ మూల కూర్చున్న అమ్మాయి చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తి ఉంచింది, నేను ఆపితే గాని అడగలేదు కదా. అడుగమ్మా.